సరిహద్దు ఊళ్లో చిన్న వ్యాపారానికి కంప్యూటర్ ఎంచుకోవడం ఎలా?

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో నాది రెండు చేతుల పని. పగలు దుకాణాల జీఎస్టీ లెక్కలు రాస్తాను, సాయంత్రం ఆ దుకాణాల్లోనే మొరాయించిన కంప్యూటర్లు చూస్తాను. అందుచేత కొత్తది కొనాలనుకున్నవారు ముందు నా దగ్గరికే వస్తారు. ప్రశ్న మాత్రం ఏళ్లుగా ఒకటే, కంప్యూటర్ మెదడైన ప్రాసెసర్ గురించి: "మాష్టారూ, ఐ5 తీసుకోమంటారా, ఐ7 తీసుకోమంటారా?" "మీ వీధిలో రోజుకు ఎన్నిసార్లు కరెంటు పోతుందండీ?" అని నేను తిరిగి అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరికి కోపం వస్తుంది.

నెలలో ఇరవయ్యో తేదీ సాయంత్రాన్ని ఒకసారి ఊహించుకోండి. నెలవారీ జీఎస్టీ రిటర్ను వేయడానికి ఆ రాత్రే గడువు. బయట ఉరుములు. కౌంటరు ముందు ఐదారుగురు బిల్లు కోసం నిలబడి ఉన్నారు. ఆ గంటను గట్టెక్కించేదే మీకు సరైన కంప్యూటర్. బరంపురంలో చీరల కొట్టయినా, గుణుపూర్‌లో మందుల దుకాణమైనా, రాయగడలో హార్డ్‌వేర్ షాపయినా నేను చూసే లెక్క ఇదే.

మొదటి మెట్టు: వారం రోజుల పని కాగితం మీద రాయండి

కంప్యూటర్ల దుకాణానికి వెళ్లకముందే ఒక తెల్లకాగితం తీసుకుని, వారం పాటు మీ కొట్లో జరిగే పని రాయండి. రోజుకు ఎన్ని బిల్లులు? ఒక్కో బిల్లులో ఎన్ని సరుకులు? ఏ సాఫ్ట్‌వేర్? దానికి ఏయే పరికరాలు తగిలించాలి? ఈ చివరి ప్రశ్నను అందరూ దాటవేస్తారు. చిక్కంతా అక్కడే ఉంది.

మందుల కొట్టుకు బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూపే సాఫ్ట్‌వేరూ బార్‌కోడ్ స్కానరూ కావాలి. రైసు మిల్లుకు కాటా కావాలి. ఆ కాటా తూకపు అంకెను కంప్యూటర్‌కు పంపేది చాలాచోట్ల తొమ్మిది పిన్నుల పాత సీరియల్ తీగ ద్వారానే. కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టు ఉండదు. యూఎస్‌బీకి మార్చే చిన్న తీగ దొరుకుతుంది, పనిచేస్తుంది, కానీ రోజంతా నడిచే మిల్లులో అది వదులై తూకం ఆగిపోవడం నేను చూశాను. సీరియల్ పోర్టు వెనకే ఉన్న డెస్క్‌టాప్ కొంటే ఆ బెడద లేదు. బ్యాంకు కస్టమర్ సర్వీస్ పాయింటు నడిపేవారికి వేలిముద్ర పరికరం ఉంటుంది. కంపెనీగా నమోదైనవారికి డిజిటల్ సంతకపు టోకెన్ ఉంటుంది. మౌస్, కీబోర్డు, ప్రింటర్, స్కానర్, టోకెన్... మామూలు యూఎస్‌బీ రంధ్రాలు ఆరుకు తగ్గితే వారంలోపే వాటికోసం కుస్తీ మొదలవుతుంది.

ఫొటో స్టూడియో, డీటీపీ, వీడియో ఎడిటింగ్ చేసేవారి దారి వేరు. వారికి బొమ్మల పని చూసే గ్రాఫిక్స్ కార్డు, ఎక్కువ ర్యామ్ (పని జరుగుతున్నప్పుడు వాడే మెమరీ) నిజంగానే అవసరం. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా బిల్లులు, ఖాతాలు, రిటర్నులు, వాట్సాప్‌లో ఆర్డర్లు చూసుకునే వ్యాపారాలకు.

రెండో మెట్టు: ఏ ఆకారం?

కౌంటరు మీద కదలకుండా ఉండే పనికి డెస్క్‌టాప్. చోటు తక్కువైతే పుస్తకమంత మినీ పీసీ కొని మానిటర్ వెనక బిగించుకోండి. కరెంటు తక్కువ తాగుతుంది, కాబట్టి కరెంటు పోయినప్పుడు ఆదుకునే యూపీఎస్ మీద ఎక్కువసేపు నడుస్తుంది. యజమాని రాత్రి ఇంట్లో లెక్కలు చూసుకోవాలంటే ల్యాప్‌టాప్. మానిటర్‌లోనే అన్నీ ఇమిడిపోయిన ఆల్ ఇన్ వన్ చూడ్డానికి బాగుంటుంది. తెర పోతే మొత్తం యంత్రాన్ని మోసుకుని భువనేశ్వర్‌కో విశాఖకో వెళ్లాలి. కాబట్టి నేను వద్దంటాను.

విండోస్ లేని క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్ మీద ఖాతాలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ నడవదు. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ విషయంలో గొప్పవే. అయితే బిల్లు ప్రింటర్లకూ వేలిముద్ర పరికరాలకూ వాటిలో డ్రైవర్లు, అంటే ఆ పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్, దొరుకుతాయన్న భరోసా లేదు. దుకాణానికి ఇంటెల్ గానీ ఏఎండీ గానీ చాలు.

మూడో మెట్టు: లోపలి సరుకు

ఇప్పుడు ఐ5, ఐ7 సంగతి. ఆ అంకెకన్నా దాని పక్కనున్న అంకె ముఖ్యం. ఐ5-4570 అంటే నాలుగో తరం. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం. ఐ5-10400 అంటే పదో తరం. నాలుగో తరం ఐ7 కన్నా పన్నెండో తరం ఐ3 బిల్లింగ్ పనిలో చురుగ్గా ఉంటుంది. ఏఎండీలో ఇంకో మెలిక ఉంది. 7000 వరుస ల్యాప్‌టాప్ చిప్పుల్లో మూడో అంకె లోపలి డిజైన్ ఎప్పటిదో చెబుతుంది. 7520లో మూడో అంకె 2, అంటే జెన్ 2, పాత డిజైన్. 7530లో 3, అంటే జెన్ 3. పేర్లు పక్కపక్కనే ఉన్నా లోపలి సరుకు ఒకటి కాదు.

ఈ తరాల లెక్క ఎందుకంటే, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం, ఆపైన కావాలి. టీపీఎమ్ 2.0 అనే భద్రతా భాగం కూడా ఉండాలి. ఏవో కిటుకులతో పాత యంత్రాల్లోనూ ఎక్కిస్తారు. బ్యాంకు పనీ జీఎస్టీ పోర్టలూ నడిచే యంత్రంలో కిటుకులు వద్దు.

ర్యామ్ 8 జీబీ కనీసం. బ్రౌజర్‌లో పోర్టలు, పక్కన ట్యాలీ, ఇంకో పక్క వాట్సాప్ తెరిచి ఉంచేవారికి 16 జీబీ ఉంటే హాయి. ఒకే 8 జీబీ కర్ర వేయించుకుని రెండో గాడి ఖాళీగా ఉంచుకుంటే తరువాత ఇంకొకటి చేర్చుకోవచ్చు. అమ్మేవారి మాట వినక్కర్లేదు, మీరే చూడొచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని నిండాయో కింద రాసి ఉంటుంది. కొన్ని పల్చని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. వాటిలో పెంచుకోవడం కుదరదు.

ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, తప్పనిసరి. 256 జీబీ సరిపోతుంది, 512 అయితే ఐదేళ్ల వరకు చూసుకోనక్కర్లేదు. తిరిగే పాత హార్డ్‌డిస్కు బ్యాకప్‌కు తప్ప మరెందుకూ వద్దు. గ్రాఫిక్స్ కార్డు, రంగుల దీపాల క్యాబినెట్, గేమింగ్ కీబోర్డు గురించి మాట్లాడను. ఆ డబ్బును ఐదో మెట్టుకు దాచండి.

నాలుగో మెట్టు: వాడినది కొనాలనుకుంటే

పెద్ద కంపెనీలు మూడునాలుగేళ్లు వాడి వదిలేసిన డెస్క్‌టాప్‌లు మన ఊళ్ల దాకా వస్తున్నాయి. వాటిలో మంచివీ ఉంటాయి. నా మేనమామ కొట్లో అలాంటిదే ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. కానీ "ఐ7 కంప్యూటర్, 16 జీబీ" అని తక్కువ ధరకు అమ్మేది చాలాసార్లు మూడో తరమో, నాలుగో తరమో అయి ఉంటుంది. క్యాబినెట్ మీది స్టిక్కరును నమ్మొద్దు, యంత్రం ఆన్ చేయించి సెట్టింగులలో సిస్టమ్, అబౌట్ చూడండి. తరువాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో డిస్కు ఆరోగ్యం, అది ఎన్ని గంటలు నడిచిందీ చూడండి. క్యాబినెట్ మూత తీయించి మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్ల నెత్తులు ఉబ్బి ఉన్నాయేమో గమనించండి. బరంపురం, గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టడం మామూలే. ర్యామ్ కర్ర పసుపు రంగు అంచు నల్లబడితే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. "డిస్‌ప్లే రావడం లేదు" అన్న ఫిర్యాదులు చాలావరకు ఈ అర్ధ రూపాయి వైద్యంతోనే తీరతాయి.

బిల్లు లేని యంత్రం ఎంత చవకైనా వద్దు.

ఐదో మెట్టు: కరెంటు

మొత్తం ఖర్చులో పావువంతు కంప్యూటర్ బయటి వస్తువులకు కేటాయించమంటాను. అందులో మొదటి వాటా యూపీఎస్‌ది, ఎర్తింగ్‌ది.

మానిటర్‌తో కలిపి బిల్లింగ్ డెస్క్‌టాప్ సుమారు 100 వాట్లు తీసుకుంటుంది. 600 వీఏ (యూపీఎస్ సామర్థ్యపు కొలత) యూపీఎస్ చాలు, బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు పది పదిహేను నిమిషాలు నిలుస్తుంది. రెండు కంప్యూటర్లుంటే 1000 వీఏ. లోపల ఉండేది సాధారణంగా 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ. అది రెండు మూడేళ్లకు పోతుంది, పోయే ముందు చెప్పి పోదు. కొన్న తేదీని మార్కర్‌తో బ్యాటరీ మీదే రాసి పెట్టుకోండి.

లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించకూడదు. కాగితం మీద పొడిని కరిగించి అతికించడానికి దానికి ఒక్కసారిగా వందల వాట్లు కావాలి. అది అలా లాగగానే యూపీఎస్ కూలుతుంది, దానితో కంప్యూటర్ కూడా. ప్రింటర్‌ను గోడ సాకెట్‌కే పెట్టండి. సిరా లేకుండా వేడితో అచ్చేసే చిన్న థర్మల్ ప్రింటర్ అయితే యూపీఎస్ మీద ఉండొచ్చు. ఉండాలి కూడా, కరెంటు పోయినా బిల్లు ఆగకూడదు కదా.

కొట్లో ఇప్పటికే ఇన్వర్టర్ ఉందా? దాని వెనక చిన్న మీట ఉంటుంది: ఒకవైపు సాధారణ మోడ్, ఇంకోవైపు యూపీఎస్ మోడ్. సాధారణ మోడ్‌లో మారడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఫ్యాను గమనించదు, కంప్యూటర్ మాత్రం ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. గుణుపూర్‌లో ఒక దుకాణదారు "కొత్త కంప్యూటర్ పాడు సరుకు, రోజుకు నాలుగుసార్లు ఆగిపోతోంది" అని అమ్మినవారితో నెల రోజులు తగవులాడారు. వెళ్లి చూస్తే ఆ మీట మార్చి లేదు. మార్చాక యంత్రమూ కుదుటపడింది, ఆయనా శాంతించారు.

ఎర్తింగ్ కోసం ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ సరిచేయించండి. క్యాబినెట్‌ను తాకితే చిమచిమలాడడం ఎర్త్ లేదన్న సంకేతం. కాలవైశాఖి అనే వేసవి గాలివానల రోజుల్లో ఉరుములు మొదలవగానే ప్లగ్గు తీసేవారు చాలామందే ఉన్నారు, ఇంటర్నెట్ తీగ పీకేవారు తక్కువ. పిడుగు వల్ల కాలిపోయి నా దగ్గరికి వచ్చిన బోర్డుల్లో సగానికి పైగా ఇంటర్నెట్ తీగ తగిలించే ల్యాన్ పోర్టు నుంచే కాలినవి.

ఆరో మెట్టు: ప్రింటరూ, రెండు లిపులూ

రోజూ వందల చిన్న బిల్లులకు మూడంగుళాల థర్మల్ ప్రింటర్. సిరా ఖర్చు లేదు. అయితే ఆ అక్షరాలు ఎండకూ వేడికీ వెలిసిపోతాయి. మిక్సీలు, మోటార్లు, బ్యాటరీలు అమ్మేవారు రెండేళ్ల గ్యారంటీ బిల్లును దాని మీద ఇస్తే, రెండో ఏట కొనుగోలుదారు తెల్లకాగితం పట్టుకుని వస్తాడు. వారికి లేజర్ ప్రింటర్ మంచిది. సరుకు లారీలో పంపేవారికి, ఒకేసారి మూడు ప్రతులు కావలసినవారికి కార్బన్ కాగితంతో, సూదులతో కొట్టి అచ్చేసే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరే ఇప్పటికీ దిక్కు. ఆ గీగీ శబ్దం భరించాలి.

మన దగ్గరి ప్రత్యేక సమస్య లిపి. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఒకే కౌంటరు దగ్గర ఒడియా, తెలుగు రెండూ నడుస్తాయి. చవక థర్మల్ ప్రింటర్లలో ఇంగ్లీషు అక్షరాలు లోపలే ఉంటాయి, తెలుగు, ఒడియా అక్షరాలు ఉండవు. సాఫ్ట్‌వేర్ బిల్లును బొమ్మగా మార్చి పంపితేనే అవి అచ్చవుతాయి. కొనేముందు దుకాణంలోనే "కందిపప్పు" అని తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి టైపు చేసి అచ్చు తీయించండి. డబ్బాలూ ప్రశ్నార్థకాలూ వస్తే సాఫ్ట్‌వేర్ మార్చాలి. డాట్ మ్యాట్రిక్స్ మీద మన లిపి వస్తుంది గానీ చాలా నెమ్మది. దానికి దుకాణం పేరు ముందే అచ్చేసిన కాగితం వాడి, సరుకుల పేర్లు ఇంగ్లీషులో ఉంచుకోవడం మేలు.

టైపింగ్‌కు అను ఫాంట్లు, ఆకృతి ఫాంట్లు మన డీటీపీ కొట్లలో ఇంకా రాజ్యమేలుతున్నాయి. వాటిలో రాసింది ఫోనులో తెరిస్తే గజిబిజి గీతలే. వ్యాపారానికి ఏ పరికరంలోనైనా అక్షరాలు సరిగ్గా కనిపించే యూనికోడే వాడండి. విండోస్‌లో నిర్మలా అనే ఫాంటులో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. కీబోర్డు విషయానికొస్తే, భారతీయ భాషలన్నిటికీ ఒకే తీరున ఉండే ఇన్‌స్క్రిప్ట్ అమరిక నేర్చుకోమని గట్టిగా చెబుతాను. ఇందులో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. ముఖ్యమైన సంగతేమిటంటే, తెలుగు క ఉన్న మీట మీదే ఒడియా క కూడా ఉంటుంది, త ఉన్నచోటే త, ర ఉన్నచోటే ర. ఒక భాషలో వేళ్లకు అలవాటైతే రెండోది ఉచితంగా వచ్చేసినట్టే. కౌంటరు కుర్రవాడికి రెండు వారాలు కష్టంగా ఉంటుంది, ఆ తరువాత వాడే మనకు నేర్పుతాడు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది ఈ పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూనే. ఆయన ఊళ్లో ఉండి సరుకు చిట్టాలో "కందిపప్పు" అని తెలుగులో కొట్టలేకపోతే నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

ఏడో మెట్టు: ఎక్కడ కొనాలి, బిల్లు ఎలా ఉండాలి

సరిహద్దులో ఉన్నవారు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. విశాఖలో ధర తక్కువని రైలెక్కి వెళ్లి కౌంటరు మీద కొంటారు. అక్కడివారు అలవాటు ప్రకారం, రాష్ట్రం లోపలి అమ్మకానికి వేసే ఆంధ్రప్రదేశ్ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసి బిల్లు ఇస్తారు. మీ నమోదు ఒడిశాలో ఉంటే ఆ పన్నును ఇక్కడ ఇన్‌పుట్ జమగా తీసుకోలేరు, అంటే మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోలేరు. 40,000 రూపాయల కంప్యూటర్ మీద 18 శాతం అంటే 7,200 రూపాయలు. విశాఖలో మిగిలిందనుకున్నది ఇక్కడ పోయింది.

కాబట్టి ముందే ఫోనులో మాట్లాడండి. 21తో మొదలయ్యే మీ జీఎస్టీ నంబరు ఇచ్చి, సరుకు మీ ఒడిశా చిరునామాకు పంపేలా, బిల్లులో రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఐజీఎస్టీ పడేలా ఒప్పించండి. విలువ పన్నుతో కలిపి 50,000 దాటితే సరుకు రవాణాకు ఈ-వే బిల్లు అనే ఆన్‌లైన్ పత్రం కావాలి. 45,000 రూపాయల యంత్రం పన్నుతో 53,100 అవుతుంది, చాలామంది అసలు ధర చూసి దాటలేదనుకుంటారు. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి ఇన్‌పుట్ జమ ఎలాగూ లేదు, వారు నికర ధర ఒక్కటే చూసుకుంటే సరి. పూర్తి ఖాతాలు రాసే వ్యాపారానికి ఆదాయపు పన్నులో కంప్యూటర్ మీద తరుగుదల 40 శాతం, కానీ ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. జమ తీసుకున్న జీఎస్టీ మొత్తం మీద మళ్లీ తరుగుదల వేసుకోకూడదు.

గడువుల విషయంలోనూ ఒక తేడా గుర్తుంచుకోండి. మూడు నెలలకోసారి రిటర్ను వేసేవారికి ఆంధ్రలో 22, ఒడిశాలో 24 గడువు. పాతపట్నంలో అన్నగారు, ఇక్కడ తమ్ముడు వ్యాపారం చేసే కుటుంబాల్లో ఈ రెండు తేదీలూ కలిసిపోతుంటాయి.

వారంటీ అడిగేటప్పుడు "ఎన్నేళ్లు" అన్నదానికన్నా "మా పిన్‌కోడుకు మనిషి వస్తాడా" అన్నది అడగండి. కంపెనీ మనిషే వచ్చి బాగుచేయాల్సిన ఆన్‌సైట్ వారంటీ ఉన్న యంత్రానికి కూడా కొన్ని పిన్‌కోడులకు మనిషి రాడు. కంపెనీ వెబ్‌సైటులో పిన్‌కోడు వేసి చూసుకున్నాకే డబ్బు కట్టండి. ధర రెండు వేలు ఎక్కువైనా మీ ఊళ్లోనే మూత తీయగలిగే దుకాణం ఉంటే అక్కడే కొనండి, నేనైతే అలాగే చేస్తాను.

ఎనిమిదో మెట్టు: మొదటి రోజు చేయవలసినవి

బ్యాకప్ గురించి ఉపన్యాసం ఇవ్వను, నా కథ చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు నా పని గది రేకులు లేచిపోయాయి. బల్ల మీద కంప్యూటర్, దాని కింది సొరుగులో బ్యాకప్ హార్డ్‌డిస్కు. నేను క్రమం తప్పకుండా ప్రతి శనివారం బ్యాకప్ తీసేవాడిని. రెండూ ఒకే వానలో తడిశాయి. పదకొండు దుకాణాల లెక్కలు పాత బిల్లు పుస్తకాలు ముందు పెట్టుకుని మళ్లీ కొట్టడానికి నాకు సంక్రాంతి దాటింది. ఇప్పుడు ఒక ప్రతి కంప్యూటర్‌లో, ఒకటి బయటి డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో ఉంచుతున్నాను. బయటి డిస్కు రాత్రి నాతో ఇంటికి వస్తుంది.

విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశిస్తే చాలా యంత్రాల్లో డిస్కు తనంతట తానే తాళం వేసుకుంటుంది. బోర్డు మార్చిన రోజున 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కొట్లో ఎవరి ఈమెయిల్‌తో మొదలుపెట్టారో ఆ ఖాతాలోనే అది ఉంటుంది. పని మానేసి వెళ్లిపోయిన కుర్రవాడి ఈమెయిల్ అయితే ఇక చెప్పక్కర్లేదు. యజమాని ఖాతాతోనే మొదలుపెట్టి, ఆ అంకెలను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. బిల్లులు కొట్టేవారికి వేరే సాధారణ ఖాతా ఇవ్వండి.

బిగించడానికి వచ్చిన మనిషి ఇంకా కొట్లో ఉండగానే చివరి పరీక్ష చేయండి. ఇరవై సరుకుల బిల్లు ఒకటి కొట్టి ప్రింట్ నొక్కండి. కాగితం సగం బయటికి వచ్చేసరికి వెళ్లి మెయిన్ స్విచ్ దించేయండి. యూపీఎస్ అరవాలి, తెర వెలుగుతూనే ఉండాలి, బిల్లు పూర్తిగా రావాలి. అలా ఐదు నిమిషాలు చీకట్లోనే ఇంకో రెండు బిల్లులు కొట్టి, ఫోను హాట్‌స్పాట్‌తో జీఎస్టీ పోర్టలు తెరిచి చూడండి. అన్నీ సరిగ్గా నడిస్తే స్విచ్ ఎత్తి, మిగిలిన డబ్బు అప్పుడు లెక్కపెట్టి ఇవ్వండి.